హెచ్.ఐ.వి. ఉన్నవారికి టి.బి. ఎందుకు ముందుగా వస్తుంది? – రక్షణ కణాల గురించి ఒక పాఠం

ఈ సంచికలో మన శరీరంలోని రక్షణ కణాల గురించి, హెచ్.ఐ.వి. వాటిని ఏ విధంగా దెబ్బతీస్తుందో, ఆ సందు చూసుకుని ఇతర జబ్బులు ఎలా లోపలికి వస్తాయో తెలుసుకుందాం. మా నర్సింగ్ విద్యార్థినులకు వార్డులో చెప్పే పాఠమే ఇది. గని కార్మికుల కుటుంబాలకు, కాంట్రాక్టు కూలీలకు, బస్తీల్లో పనిచేసే ఆశా కార్యకర్తలకు కూడా ఉపయోగపడాలని వీలైనంత సులభమైన మాటల్లో రాస్తున్నాము.

చాలామంది మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "హెచ్.ఐ.వి. అంటే ఒక్కటే వైరస్ కదా! మరి ఒకరికి దగ్గు, ఇంకొకరికి నోట్లో తెల్లపూత, మరొకరికి భరించలేని తలనొప్పి ఎందుకు వస్తున్నాయి?" మంచి ప్రశ్న. జవాబు ఏమిటంటే, రోగిని మంచాన పడేసేది చాలావరకు ఆ వైరస్ నేరుగా కాదు. రక్షణ కణాలు తగ్గినప్పుడు అదను చూసి వచ్చే వేరే క్రిములు. వీటినే అవకాశవాద అంటువ్యాధులు అంటారు. ప్రపంచమంతటా హెచ్.ఐ.వి. ఉన్నవారి ప్రాణాలు తీస్తున్న జబ్బుల్లో మొదటిది క్షయ, అంటే టి.బి. ఆ టి.బి.కి పూర్తిగా నయమయ్యే మందు ఉంది. కాబట్టి ఈ పాఠం ప్రాణాలకు సంబంధించినది.

ఎయిడ్స్ బయటపడింది కూడా అవకాశవాద వ్యాధుల వల్లనే. 1981 జూన్‌లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు న్యుమోసిస్టిస్ అనే అరుదైన న్యుమోనియా వచ్చినట్టు ప్రకటించారు. ఆరోగ్యవంతులకు ఆ జబ్బు రాదు. అంటే వారి రక్షణ వ్యవస్థకు ఏదో జరిగిందని వైద్యులు గ్రహించారు. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు వైరస్‌ను కనుగొన్నారు. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్ బృందం మన దేశంలో మొదటి హెచ్.ఐ.వి. కేసులను గుర్తించింది.

శరీరంలో కాపలా ఎలా ఉంటుంది?

మొదటి కాపలా చర్మం, నోటిలోని, ఊపిరితిత్తుల్లోని, పేగుల్లోని పొరలు. ఇవి దాటి క్రిమి లోపలికి వస్తే రెండో కాపలా తెల్ల రక్తకణాలది. ఇవి అనేక రకాలు. ముఖ్యమైనవి గుర్తుంచుకుందాం.

మాక్రోఫేజ్ కణాలు: కనపడిన క్రిమిని, దుమ్ము రేణువును మింగేస్తాయి. ఊపిరితిత్తుల గాలి తిత్తుల్లో ఇవి ఎప్పుడూ తిరుగుతూ ఉంటాయి.

న్యూట్రోఫిల్ కణాలు: పుండులో చీము పట్టేది వీటి వల్లనే. పిలుపు రాగానే గుంపులుగా వచ్చి పోరాడతాయి.

బి కణాలు: క్రిములకు అతుక్కుని వాటిని పట్టించే ప్రతిరక్షకాలను తయారు చేస్తాయి. టీకాలు పనిచేసేది ఎక్కువగా వీటి ద్వారానే.

సి.డి.8 కణాలు: వైరస్ దూరిన మన సొంత కణాలను గుర్తించి చంపేస్తాయి.

సి.డి.4 కణాలు: వీటిని సహాయక కణాలు అంటారు. ఇవి క్రిమిని మింగవు, ప్రతిరక్షకాలు తయారు చేయవు. పైన చెప్పిన కణాలన్నిటికీ ఎక్కడ, ఎప్పుడు, ఎంత గట్టిగా పనిచేయాలో చెబుతాయి.

మన ప్రాంతంవారికి ఇది అర్థం కావడానికి గనిలోని సర్దారును గుర్తు చేసుకుంటే చాలు. షిఫ్టు మొదలయ్యే ముందు సర్దారు పని స్థలానికి వెళ్లి గ్యాస్ చూస్తాడు, కర్రతో పైకప్పు తట్టి చూస్తాడు, ఎక్కడ దిమ్మె వేయాలో టింబర్‌మన్‌కు చెబుతాడు. సర్దారు బొగ్గు నింపడు. కాని సర్దారు లేకపోతే ఏమవుతుంది? టింబర్‌మన్ ఉన్నాడు, కలప ఉంది, అయినా ఏ చోట పైకప్పు వదులైందో చెప్పేవారు లేరు. చివరకు పైకప్పు కూలుతుంది. సి.డి.4 కణాలు పోయిన శరీరం పరిస్థితి అలాంటిదే.

హెచ్.ఐ.వి. ఏం చేస్తుంది?

ఈ కణాల పైన సి.డి.4 అనే ఒక మాంసకృత్తు ఉంటుంది. హెచ్.ఐ.వి. దానికే అతుక్కుని, పక్కనే ఉండే సి.సి.ఆర్.5 వంటి మరో మాంసకృత్తు సాయంతో కణంలోకి దూరుతుంది. లోపలికి వెళ్లాక తన జన్యు సమాచారాన్ని మన కణం డి.ఎన్.ఎ.లో కలిపేస్తుంది. ఇక ఆ కణం వైరస్‌ను తయారు చేసే కార్ఖానా అవుతుంది. కొన్ని కణాల్లో ఏమీ చేయకుండా సంవత్సరాల తరబడి నిద్రపోతుంది. మందులు జీవితాంతం వాడాలని చెప్పేది ఈ నిద్రపోతున్న వైరస్ వల్లనే. ఆపితే అది మళ్లీ లేస్తుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటి. శరీరంలోని సి.డి.4 కణాల్లో పెద్ద భాగం రక్తంలో ఉండదు. పేగుల గోడల్లో ఉంటుంది. వైరస్ సోకిన మొదటి కొద్ది వారాల్లోనే అక్కడి కణాలు భారీగా నశిస్తాయి. పేగు గోడ బలహీనపడి, లోపలి సూక్ష్మక్రిముల పదార్థాలు కొద్దికొద్దిగా రక్తంలోకి కారతాయి. దానితో రక్షణ వ్యవస్థ రాత్రింబవళ్లు విరామం లేకుండా ఉద్రేకంగా ఉంటుంది. విశ్రాంతి లేని కణాలు త్వరగా అరిగిపోతాయి. అందుకే వైరస్ సోకిన కణాలే కాకుండా సోకని కణాలు కూడా పెద్ద సంఖ్యలో చనిపోతాయి.

మొదట్లో సి.డి.8 కణాలు బాగానే పోరాడి వైరస్‌ను కొంత అదుపులోకి తెస్తాయి. అందువల్ల మనిషి ఏళ్ల తరబడి ఆరోగ్యంగా కనిపిస్తాడు, డ్యూటీకి వెళ్తాడు. కాని సహాయక కణాల తోడు లేక, ఎడతెగని పోరాటంతో సి.డి.8 కణాలు కూడా అలసిపోతాయి. బి కణాలు అవసరం లేని ప్రతిరక్షకాలను ఎక్కువగా తయారు చేస్తాయి, కావలసిన వాటిని సరిగా చేయలేవు. అందుకే హెచ్.ఐ.వి. ఉన్నవారికి మామూలు న్యుమోనియా కూడా మాటిమాటికీ వస్తుంది.

పెద్దవారిలో సి.డి.4 లెక్క మామూలుగా ఒక క్యూబిక్ మిల్లీమీటరు రక్తంలో సుమారు 500 నుంచి 1500 వరకు ఉంటుంది. మందులు వాడకపోతే ఇది ఏటేటా తగ్గుతూ, చాలామందిలో 8 నుంచి 10 ఏళ్లలో ఎయిడ్స్ దశకు చేరుతుంది. 200 కంటే తగ్గితే ముదిరిన దశగా పరిగణిస్తారు.

టి.బి.కే ఎందుకు తొందర?

టి.బి. క్రిమి గాలి ద్వారా ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. మాక్రోఫేజ్ కణం దాన్ని మింగుతుంది. కాని ఈ క్రిమి గడుసుది. మింగిన కణం లోపలే బతుకుతుంది. అప్పుడు సి.డి.4 కణం వచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. ఆ సంకేతం అందాకే మాక్రోఫేజ్‌కు లోపలి క్రిమిని చంపే బలం వస్తుంది. చావని క్రిముల చుట్టూ కణాలన్నీ చేరి గోడ కడతాయి. ఈ గోడను గ్రాన్యులోమా అంటారు. పని అయిపోయిన గనిలో నిప్పు బయటికి రాకుండా గోడ కట్టి సీలు చేసినట్టు అన్నమాట. మనలో చాలామంది శరీరంలో టి.బి. క్రిమి ఇలా గోడ వెనుక నిద్రపోతూ ఉంటుంది. హెచ్.ఐ.వి. లేనివారిలో అది జీవితకాలం మొత్తంలో నూటికి 5 నుంచి 10 మందికే జబ్బుగా మారుతుంది.

ఆ గోడను నిలబెట్టేది సి.డి.4 కణాలే. టి.బి. క్రిమిని గుర్తుపట్టే ప్రత్యేక సి.డి.4 కణాలనే హెచ్.ఐ.వి. ముందుగా నాశనం చేస్తుందని పరిశోధనల్లో తేలింది. కాబట్టి మొత్తం సి.డి.4 లెక్క ఇంకా బాగానే ఉండగానే టి.బి. భయం మొదలవుతుంది. మందులు వాడని హెచ్.ఐ.వి. రోగిలో నిద్రపోతున్న టి.బి. జబ్బుగా మారే అవకాశం ఏడాదికే నూటికి 5 నుంచి 10 వరకు ఉంటుంది. జీవితకాలానికి ఉండవలసిన ప్రమాదం ఒక్క ఏడాదిలో వచ్చి పడుతుందన్నమాట.

ఇంకొక చిక్కు కూడా ఉంది. టి.బి.లో ఊపిరితిత్తికి రంధ్రం పడటం, కళ్లెలో క్రిములు ఎక్కువగా రావడం, చర్మ పరీక్షలో వాపు రావడం, ఇవన్నీ రక్షణ కణాలు గట్టిగా పోరాడటం వల్ల జరిగేవి. కణాలు లేనప్పుడు ఈ గుర్తులు కూడా ఉండవు. ఎక్స్‌రేలో రంధ్రం కనపడకపోవచ్చు, కళ్లెను సూక్ష్మదర్శినిలో చూస్తే క్రిములు లేవని రావచ్చు. అందుకని జబ్బు లేదనుకోకూడదు. టి.బి. మెడ గ్రంథుల్లో, పొట్టలో, మెదడు పొరల్లో ఉండవచ్చు. హెచ్.ఐ.వి. ఉన్నవారి కళ్లెను సి.బి.నాట్ లేదా ట్రూనాట్ అనే జన్యు పరీక్షకు పంపాలని చెప్పేది ఇందుకే. ఇది క్రిములు కొద్దిగా ఉన్నా పట్టుకుంటుంది, రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందా లేదా కూడా చెబుతుంది.

గని దుమ్ము సంగతి

మన గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో ఈ విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రాతిని తొలిచే చోట, డ్రిల్లింగ్ చేసే చోట, క్రషర్ల దగ్గర లేచే సన్నని దుమ్ములో సిలికా ఉంటుంది. మాక్రోఫేజ్ కణం సిలికా రేణువును మింగుతుంది గాని అరిగించుకోలేదు. అది కణాన్నే దెబ్బతీస్తుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. దీన్నే సిలికోసిస్ అంటారు. సిలికోసిస్ ఉన్నవారికి హెచ్.ఐ.వి. లేకపోయినా టి.బి. ఎక్కువగా వస్తుంది. అంటే దుమ్ము మాక్రోఫేజ్‌ను పాడు చేస్తుంది, వైరస్ దానికి సంకేతం ఇచ్చే సి.డి.4ను పాడు చేస్తుంది. రెండూ ఒకే మనిషిలో కలిస్తే?

దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల మీద జరిపిన అధ్యయనం ఒకటి 2000లో వెలువడింది. సిలికోసిస్, హెచ్.ఐ.వి. రెండూ ఉన్నవారిలో ప్రమాదాలు ఒకదానికి ఒకటి కూడటం కాదు, ఒకదానితో ఒకటి హెచ్చవేసినట్టు పెరిగాయని అందులో తేలింది. బంగారు గనుల రాతిలో సిలికా చాలా ఎక్కువ కాబట్టి ఆ లెక్కలు బొగ్గు గనులకు అలాగే వర్తించవు. అయినా పాఠం మనకూ వర్తిస్తుంది. గనిలోనో, క్రషర్‌లోనో పనిచేసినవారికి దగ్గు వస్తే "దుమ్ము దగ్గే, ఏమీ కాదు" అనుకోవద్దు. "బీడీ దగ్గు" అని కూడా సరిపెట్టుకోవద్దు. కంపెనీ ఉద్యోగులకు నిర్ణీత కాలానికి వైద్య పరీక్షలు జరుగుతాయి. రోజుకూలీకి పనిచేసేవారు, పదవీ విరమణ చేసినవారు తమంతట తాము పరీక్షకు వెళ్లాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష ఉచితం.

ఏ దశలో ఏ జబ్బు?

ఇది స్థూలమైన లెక్క మాత్రమే. ఒక్కొక్కరి శరీరం ఒక్కొక్క రకం.

ఏ లెక్కలోనైనా: టి.బి., నడుముకో ఛాతీకో ఒక పక్కన నీటి పొక్కులతో వచ్చే సర్పి, మామూలు న్యుమోనియా.

200 దగ్గరపడినప్పుడు, కొందరిలో అంతకుముందే: నోటిలో తెల్లపూత. నోటి పొరలకు న్యూట్రోఫిల్ కణాలను పిలిచే ప్రత్యేక సి.డి.4 కణాలు ఉంటాయి. అవి ముందుగా పోవడంతో అందరి నోటిలో మామూలుగా ఉండే బూజు క్రిమి పేట్రేగుతుంది. మింగేటప్పుడు గొంతు, ఛాతీ నొప్పి ఉంటే పూత అన్నవాహికకు పాకిందని అనుమానించాలి.

200 లోపు: న్యుమోసిస్టిస్ న్యుమోనియా. పొడి దగ్గు, నాలుగడుగులు నడిస్తే ఆయాసం, జ్వరం. 1981లో మొదట గుర్తించిన జబ్బు ఇదే.

100 లోపు: క్రిప్టోకాకల్ మెనింజైటిస్. పావురాల రెట్ట కలిసిన మట్టిలో ఉండే ఒక బూజు ఊపిరితో లోపలికి వెళ్లి మెదడు పొరలకు చేరుతుంది. రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, చూపు మసక. మెడ పట్టేయకపోయినా ఈ జబ్బు ఉండవచ్చు. అలాగే టాక్సోప్లాస్మా. ఇది మెదడులో ఎప్పటినుంచో నిద్రపోతున్న క్రిమి లేవడం వల్ల వస్తుంది. ఫిట్స్, ఒక పక్క చేయి కాలు పడిపోవడం ఉంటాయి.

50 లోపు: సైటోమెగాలో వైరస్ కంటిపొరను తినేస్తుంది. కంటి ముందు మచ్చలు తేలుతున్నట్టు చెప్పిన రోగిని ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి. ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదు.

మందులు మొదలుపెట్టాక జ్వరం ఎందుకు?

ఈ భాగం శ్రద్ధగా చదవమని మనవి. ఇక్కడ అర్థం చేసుకోక మందులు మానేసి ప్రాణం మీదికి తెచ్చుకునేవారు ఉన్నారు.

ఏ.ఆర్.టి. మందులు వైరస్ పెరగకుండా ఆపుతాయి. కొద్ది వారాల్లోనే రక్తంలో వైరస్ బాగా తగ్గుతుంది, సి.డి.4 కణాలు పెరగడం మొదలవుతుంది. ఇన్నాళ్లు క్రిములు లోపల ఉన్నా పోరాడే కణాలు లేక శరీరం నిశ్శబ్దంగా ఉంది. ఇప్పుడు కణాలు తిరిగి వచ్చి ఆ క్రిములను చూసి ఒక్కసారిగా విరుచుకుపడతాయి. జ్వరం తిరిగి వస్తుంది, గ్రంథులు వాస్తాయి, తగ్గిన దగ్గు మళ్లీ పెరుగుతుంది. దీన్ని ఐరిస్ అంటారు. సాధారణంగా మొదటి మూడు నెలల్లో, సి.డి.4 బాగా తక్కువగా ఉండి మందులు మొదలుపెట్టినవారిలో ఎక్కువగా కనిపిస్తుంది.

అప్పుడు రోగులు మాతో అనే మాట ఇది: "సిస్టరమ్మా, మందులు మొదలువెట్టినంకనే మెడ కింద గడ్డలు లేసినయి. గీ మందులు నాకు పడుతలేవు." వారికి మేము చెప్పేది ఒక్కటే. "తమ్మీ, మందు ఆపకు. ఆసుపత్రికి రా." చాలామందిలో ఏ.ఆర్.టి., టి.బి. మందులు రెండూ కొనసాగిస్తూనే వాపు తగ్గించే మందులు ఇస్తారు. అయితే ప్రతి జ్వరమూ ఐరిస్ కాదు. మందుకు లొంగని టి.బి., మరో కొత్త జబ్బు, మందు పడకపోవడం కూడా కావచ్చు. అది తేల్చవలసింది డాక్టరు. ఇంట్లో కూర్చుని మనమే నిర్ణయించకూడదు.

ఈ కారణంగానే టి.బి. ఉన్నవారికి ముందు టి.బి. మందులు మొదలుపెట్టి, కొద్ది వారాల్లో ఏ.ఆర్.టి. ఇస్తారు. మెదడు పొరలకు టి.బి. లేదా క్రిప్టోకాకస్ ఉంటే ఇంకొంత ఆగి ఇస్తారు. మెదడులో వాపు వస్తే ప్రమాదం కాబట్టి. టి.బి. మందు రిఫాంపిసిన్, హెచ్.ఐ.వి. మందు డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది. అందుకని ఆ నెలల్లో డోలుటెగ్రావిర్‌ను రోజుకు రెండుసార్లు ఇస్తారు. రెండు చోట్ల మందులు తీసుకునేవారు రెండు కార్డులూ రెండు చోట్లా తప్పక చూపించాలి.

మనం చేయవలసినవి

1. పరీక్ష: అనుమానం ఉంటే ఐ.సి.టి.సి.లో ఉచితంగా పరీక్ష చేయించుకోండి. టి.బి. ఉన్న ప్రతి ఒక్కరూ హెచ్.ఐ.వి. పరీక్ష, హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి ఒక్కరూ టి.బి. పరీక్ష చేయించుకోవాలి. భార్య, భర్త ఇద్దరూ రావాలి.

2. మందు: మన దేశంలో ఉచిత ఏ.ఆర్.టి. 2004 ఏప్రిల్ 1న మొదలైంది. ఎక్కువ వ్యాప్తి ఉన్న ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోజుల్లో సి.డి.4 బాగా తగ్గేదాకా ఆగవలసి వచ్చేది. 2017 నుంచి లెక్క ఎంత ఉన్నా అందరికీ మందులు ఇస్తున్నారు. "నాకు బాగానే ఉంది, తర్వాత చూద్దాం" అని ఆగితే, పేగుల్లోని కణాలు, టి.బి. గోడను కాసే కణాలు లోలోపల తగ్గిపోతూనే ఉంటాయి.

3. నాలుగు ప్రశ్నలు: దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు. హెచ్.ఐ.వి. ఉన్నవారికి వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, రెండు వారాలు నిండేదాకా ఆగకుండా టి.బి. పరీక్షకు రావాలి.

4. నివారణ మాత్రలు: టి.బి. జబ్బు లేదని తేలినవారికి అది రాకుండా నివారణ మందు ఇస్తారు. సి.డి.4 350 లోపు ఉన్నవారికి కోట్రైమాక్సజోల్ మాత్ర ఇస్తారు. న్యుమోసిస్టిస్‌ను, టాక్సోప్లాస్మాను ఆపేది ఈ చిన్న మాత్రే. ఒళ్లంతా దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే చెప్పాలి.

5. తిండి, నీరు: కాచి చల్లార్చిన నీళ్లు, వేడి అన్నం, పప్పు, గుడ్డు. టి.బి. రోగికి నిక్షయ్ పోషణ్ యోజన కింద 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. అడిగి తీసుకోండి.

6. షిఫ్టులు: మూడు షిఫ్టులు మారేవారు మందు వేసుకునే సమయాన్ని షిఫ్టుకు కాకుండా గడియారానికి ముడిపెట్టుకోవాలి. రాత్రి షిఫ్టులోనైనా, సెలవులోనైనా, పెళ్లికి ఊరు పోయినా ఒకటే సమయం. డబ్బాలో రెండు రోజుల మందు ఎప్పుడూ వెంట ఉంచుకోండి.

మందులు సక్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గి అలాగే నిలిచినవారి నుంచి లైంగికంగా వైరస్ ఇతరులకు సోకదు. గర్భిణి మందులు వాడితే బిడ్డను కూడా కాపాడవచ్చు. ఈ మాట ఇంటింటికీ తెలియాలి.

ఒక మాట నర్సులకు, ఇరుగుపొరుగువారికి

హెచ్.ఐ.వి. మామూలు స్పర్శతో, ఒకే కంచంలో తినడంతో రాదు. రోగి వివరాలను అతని అనుమతి లేకుండా బయటపెట్టడం, ఉద్యోగంలో, ఆసుపత్రిలో వివక్ష చూపడం 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం నిషేధం. ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. క్వార్టర్ల లైనులో ఎవరైనా తమ జబ్బు సంగతి తెలుస్తుందని భయపడి దూరపు ఊరి ఆసుపత్రికి పోతే, ఛార్జీలకు డబ్బు లేని నెలలో మందు ఆగిపోతుంది. మన నోరు అదుపులో ఉంచుకోవడం కూడా ఒక చికిత్సే. సందేహాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఈ పాఠం చదివాక మీకు మీరే జవాబు చెప్పుకోండి

1. సి.డి.4 కణం క్రిమిని చంపదు. అయినా అది లేకపోతే మాక్రోఫేజ్ టి.బి. క్రిమిని ఎందుకు చంపలేదు?

2. హెచ్.ఐ.వి. ఉన్నవారి కళ్లెలో సూక్ష్మదర్శినికి క్రిములు కనపడకపోయినా టి.బి. లేదని ఎందుకు అనకూడదు?

3. ఏ.ఆర్.టి. మొదలుపెట్టిన నెలకు మెడలో గడ్డలు వచ్చిన వ్యక్తికి మీరు ఏమి చెబుతారు?

4. రాతి దుమ్ములో పనిచేసినవారికి హెచ్.ఐ.వి. ఉంటే ఎందుకు ఎక్కువ జాగ్రత్త?

మూడో ప్రశ్నకు జవాబు మీ ఇంట్లోని ప్రతి ఒక్కరికీ నేర్పండి. మిగతా మూడూ మరిచిపోయినా ఫరవాలేదు. వచ్చే సంచికలో కోట్రైమాక్సజోల్, టి.బి. నివారణ మాత్రలు ఎలా వాడాలో, ఎప్పుడు ఆపాలో వివరంగా చూద్దాం.